ద్రాక్షతోటలో క్రౌన్ గాల్ తెగులు: గుర్తించడం మొదలు మళ్లీ నాటడం వరకు

న్యూయార్క్ రాష్ట్రంలోని ఫింగర్ లేక్స్ ప్రాంతంలో, సెనెకా సరస్సు పడమటి గట్టున నేను చూసుకునే రీస్లింగ్ రకపు ద్రాక్ష తోటలో, 2014 జూన్‌లో ఒక తీగ మొదట్లో వదులుగా వేలాడుతున్న పాత బెరడును వేళ్లతో పక్కకు లాగాను. దాని కింద వేరుశనగ గింజంత గడ్డలు పది పన్నెండు, ఒకదాన్నొకటి ఆనుకుని వరుసగా ఉన్నాయి. రంగు మీగడలా ఉంది. గోరు తాకించగానే లేత ముంజెలా లోపలికి దిగబడింది. ఆ ఏడాది జనవరిలో ఉష్ణోగ్రత మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి పోయింది కాబట్టి మొగ్గలు చచ్చిపోయి ఉంటాయన్న అనుమానం ముందే ఉంది. కాండం మొదట్లో ఇలాంటిది మొదలవుతుందని మాత్రం అనుకోలేదు. ఆ వరుసలో పచ్చగా చిగురించిన తీగలు కూడా ఆగస్టుకు వాడిపోవడం చూశాక, ఈ తెగులు గురించి తెలుసుకోవలసినదంతా ఒక క్రమంలో పెట్టుకోవలసి వచ్చింది.

ముందుగా ఒక మాట గట్టిగా చెప్పాలి. ద్రాక్షలో క్రౌన్ గాల్‌ను, అంటే కాండం మీద ఇలా గడ్డలు కట్టే ఈ తెగులును, నయం చేసే మందు లేదు. కంటికి కనిపించే గడ్డ ఈ వ్యవహారంలో చివరి ఘట్టం. దానికి కారణమైన బ్యాక్టీరియా చాలాసార్లు నర్సరీ నుంచి మొక్కతోపాటే వచ్చి, ఏళ్ల తరబడి ఏ లక్షణమూ చూపకుండా తీగ లోపల ఉండి, చలి వల్లనో పనిముట్టు వల్లనో కాండానికి గాయమైన రోజున అవకాశం తీసుకుంటుంది. కాబట్టి రైతు చేయగలిగిన పని గాయం కాకుండా చూసుకోవడం, గాయమైనా తోట ఆగిపోకుండా ప్రత్యామ్నాయ కాండాలను సిద్ధంగా ఉంచుకోవడం. కింద చెప్పే మెట్లన్నీ ఈ రెంటి చుట్టూనే తిరుగుతాయి.

తెగులు ఎలా పనిచేస్తుంది

ద్రాక్ష గడ్డల నుంచి ఒక బ్యాక్టీరియాను వేరుచేసి, వ్యాధికి అదే కారణమని 1897లో ఇటలీకి చెందిన ఫ్రిడియానో కవారా చూపించాడు. తర్వాత 1907లో అమెరికాలో ఎర్విన్ స్మిత్, టౌన్‌సెండ్ డైసీ మొక్కల మీద పనిచేసి, ఈ జాతి గడ్డలకు ఆగ్రోబ్యాక్టీరియం వర్గపు సూక్ష్మజీవి కారణమని స్థిరపరిచారు. ద్రాక్ష మీద ప్రత్యేకంగా బతికే రకానికి 1990లో ఆగ్రోబ్యాక్టీరియం విటిస్ అనే పేరు పెట్టారు. ఇటీవలి శాస్త్ర గ్రంథాల్లో అది అల్లోరైజోబియం విటిస్ అన్న పేరుతో కనిపిస్తుంది. పేరు ఏదైనా అది ఒకటే సూక్ష్మజీవి.

కాండానికి గాయమైనప్పుడు దెబ్బతిన్న కణాలు కొన్ని ఫినాలిక్ పదార్థాలను వదులుతాయి. ఆ జాడ తగలగానే బ్యాక్టీరియా తనలోని టీఐ ప్లాస్మిడ్ అనే వలయాకారపు డీఎన్‌ఏ నుంచి ఒక ముక్కను మొక్క కణంలోకి పంపుతుంది. ఆ ముక్క మొక్క సొంత డీఎన్‌ఏలో అతుక్కుంటుంది. దానిలోని జన్యువులు ఆక్సిన్, సైటోకైనిన్ అనే పెరుగుదల హార్మోన్లను అదుపు లేకుండా తయారు చేయిస్తాయి, అందువల్ల కణాలు గడ్డ కడతాయి. మరికొన్ని జన్యువులు ఓపైన్లనే ప్రత్యేక ఆహారాన్ని తయారు చేయిస్తాయి, దాన్ని తినగలిగేది ప్రధానంగా ఆ బ్యాక్టీరియాయే. అంటే అది మొక్క చేతనే తన వంట వండించుకుంటుంది. ఈ గుణాన్నే శాస్త్రజ్ఞులు పనిముట్టుగా మలుచుకున్నారు. 2002లో మన దేశంలో అనుమతి పొంది, గుంటూరు, వరంగల్ నల్లరేగళ్లలో పరుచుకున్న తొలి బీటీ పత్తిలోని జన్యువును కూడా ఈ బ్యాక్టీరియా సాయంతోనే పత్తిలోకి చేర్చారు. పత్తి రైతుకు మేలు చేసిన యంత్రాంగమే ద్రాక్ష రైతుకు గడ్డ పెడుతోంది.

ఇక్కడ ఆచరణకు అవసరమైన సంగతి ఒకటుంది. కణంలో డీఎన్‌ఏ ఒకసారి అతుక్కున్నాక ఆ కణం బ్యాక్టీరియా లేకపోయినా గడ్డగా పెరుగుతూనే ఉంటుంది. 1940లలోనే ఆర్మిన్ బ్రౌన్ బ్యాక్టీరియా లేని గడ్డ కణజాలాన్ని ప్రయోగశాలలో పెంచి దీన్ని నిరూపించాడు. గడ్డ మీద యాంటీబయాటిక్ చల్లడం, రాగి మందు పూయడం ఎందుకు వృథా అవుతాయో దీన్నిబట్టే తెలుస్తుంది. పైగా మిగతా చాలా పంటల్లోలా కాక, ద్రాక్షలో ఈ బ్యాక్టీరియా నీటిని మోసే దారునాళాల్లో తీగంతటా తిరుగుతుంది. వసంతంలో కత్తిరించిన కొమ్మ చివర కారే నీటిలో కూడా దొరుకుతుంది. వేళ్లలో అది గడ్డలకు బదులు చిన్నచిన్న నల్లటి కుళ్లు మచ్చలు పుట్టిస్తుంది.

వాతావరణం పాత్ర కూడా తక్కువది కాదు. సుమారు 30 డిగ్రీలు దాటితే డీఎన్‌ఏ బదిలీ బాగా తగ్గిపోతుంది, 20 నుంచి 25 డిగ్రీల మధ్య అది చురుకుగా సాగుతుంది. మంచు గడ్డకట్టే చలి ఎరుగని హైదరాబాదు చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహి ద్రాక్ష పందిళ్లు చూసి పెరిగిన నాకు ఈ తెగులు కొత్తగా తోచింది అందుకే. ఫింగర్ లేక్స్, కెనడాలోని ఒంటారియో, జర్మనీ, హంగరీ, వాషింగ్టన్ రాష్ట్రం వంటి చోట్ల చలికాలం కాండాన్ని చీలుస్తుంది, ఆ తర్వాత వచ్చే చల్లటి వేసవి మొదలు గడ్డకు సరిగ్గా సరిపోతుంది.

మొదటి మెట్టు: సరిగ్గా గుర్తించడం

చూడవలసిన కాలం జూన్ మొదలు జూలై చివరి వరకు. చూడవలసిన చోటు నేలమట్టం నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు వరకు ఉన్న కాండం, అందులోనూ అంటు అతుకు (వేళ్లనిచ్చే కింది మొక్క మీద పై రకాన్ని అతికించిన చోటు) చుట్టూ ఉన్న భాగం. పాత బెరడును తొలగించకుండా చూస్తే సగం గడ్డలు కనబడవు, ఎందుకంటే అవి బెరడు కింద ఉన్న, కొత్త కణాలు పుట్టే కేంబియం పొర నుంచి పుట్టి బెరడును చీల్చుకుంటూ బయటికి వస్తాయి. కొత్త గడ్డ మీగడ రంగులోనో లేత ఆకుపచ్చగానో మెత్తగా ఉంటుంది. వేసవి ముదిరేకొద్దీ గోధుమ రంగుకు తిరిగి, శరదృతువు నాటికి బెండులా ఎండి గట్టిపడుతుంది. మరుసటి ఏడాది అది పొట్టులా రాలిపోతుంది, దాని అంచుల్లో కొత్తది పుడుతుంది.

పొరపాటు పడే చోటు అంటు అతుకు. అంటు కట్టినప్పుడు గాయం మానడానికి మొక్క సహజంగా పెంచుకునే కణజాలం కూడా బుడిపెలా ఉంటుంది. అది అతుకు వద్దే ఆగిపోతుంది, గట్టిగా ఉంటుంది, ఏటా కొత్తగా పెరగదు. కాండం పొడవునా పాకేది, జూన్‌లో గోటికి మెత్తగా తగిలేది క్రౌన్ గాల్. అనుమానం తీరకపోతే లేత గడ్డ ముక్కను మొక్కల వ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు పంపి, బ్యాక్టీరియా డీఎన్‌ఏను పట్టుకునే పీసీఆర్ పరీక్ష చేయించాలి. ఎండిన పాత గడ్డలో బ్యాక్టీరియా సరిగ్గా దొరకదు కాబట్టి తాజాదే పంపాలి.

గడ్డ కనబడిన ప్రతి తీగకూ ఒక రిబ్బను కట్టి, గడ్డ కాండం చుట్టుకొలతలో ఎంత భాగాన్ని ఆక్రమించిందో నోటుపుస్తకంలో రాసుకోవాలి. పావు వంతు ఆక్రమించిన తీగ చాలా ఏళ్లు కాపు కాయగలదు. సగం దాటితే ఆకులు తయారుచేసిన ఆహారం వేళ్లకు దిగే దారి తెగిపోతూ వస్తుంది, చుట్టూ తిరిగితే పైభాగం చచ్చిపోతుంది. తర్వాతి నిర్ణయాలన్నీ ఈ కొలత మీదే ఆధారపడతాయి.

రెండో మెట్టు: నాటేముందు

కొత్తగా తోట వేసేవారికి దొరికే అతి పెద్ద అవకాశం ఇదే, తర్వాత అది మళ్లీ రాదు. నర్సరీవారిని తల్లి తీగలు ఏ తోటవి, వాటిలో గడ్డలు ఎప్పుడైనా కనిపించాయా, వాటిని పరీక్షించారా అని అడగాలి. పరీక్షలో బ్యాక్టీరియా కనబడలేదన్న సమాధానాన్ని జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. అది తీగ అంతటా సమానంగా ఉండదు కాబట్టి ఒక కొమ్మలో లేకపోయినంత మాత్రాన పక్క కొమ్మలో లేదని కాదు. చిగురు కొనలోని అతి చిన్న భాగాన్ని కణజాల వర్ధనంలో పెంచి తీసిన మొక్కలు ఇప్పుడున్న వాటిలో శుభ్రమైనవి. అయితే అడవి ద్రాక్ష తీగల్లోనూ ఈ బ్యాక్టీరియాను కనుగొన్నారు కాబట్టి, అవి కూడా తోటలోకి వచ్చాక ఎప్పటికీ శుభ్రంగానే ఉంటాయన్న హామీ లేదు.

నిద్రావస్థలో ఉన్న కొమ్మ ముక్కలను 50 డిగ్రీల వేడి నీటిలో 30 నిమిషాలు ముంచి, వెంటనే చల్లబరచడం నర్సరీల్లో ఉన్న పద్ధతి. దీనివల్ల బ్యాక్టీరియా బాగా తగ్గుతుంది, పూర్తిగా పోదు. రెండు మూడు డిగ్రీలు ఎక్కువైతే కొమ్మ మీది మొగ్గలు ఉడికిపోతాయి, తక్కువైతే ఫలితం ఉండదు. అందువల్ల ఇంట్లో గిన్నెలో చేసే పని కాదిది.

నేను మొదటి విడత మొక్కలు కొన్నప్పుడు ఇవేవీ అడగలేదు. కట్టలు విప్పినప్పుడు కొన్ని మొక్కల అతుకు వద్ద ఉన్న బుడిపెలను చూసి కూడా అంటు బాగా అతికిందని సంతోషించి నాటాను. ఆ మొక్కలున్న వరుసలే తర్వాత ఎక్కువగా దెబ్బతిన్నాయి. ఇప్పుడైతే అతుకు వద్ద అసహజంగా ఉబ్బిన ప్రతి మొక్కనూ నాటకుండా వెనక్కి పంపుతాను.

రకాల విషయానికొస్తే, యూరోపియన్ జాతి అయిన వినిఫెరా రకాలు, అంటే రీస్లింగ్, షార్డొనే, మెర్లో, కాబర్నే సావిన్యాన్ వంటివి తేలిగ్గా లొంగిపోతాయి. కాంకర్డ్ వంటి అమెరికన్ లబ్రుస్కా రకాలు చాలావరకు తట్టుకుంటాయి. వేరుమూలాల్లో, అంటే అంటుకు కింద వేళ్లనిచ్చే రకాల్లో, రిపారియా గ్లోయిర్, 3309 కూడెర్క్, 101-14 మెరుగైనవి. 110 రిక్టర్, టెలెకి 5సీ తేలిగ్గా గడ్డ కడతాయి. మంచి వేరుమూలం ఉన్నా పైన అంటు కట్టిన వినిఫెరా కాండానికి రక్షణ రాదని మాత్రం మరువకూడదు.

అమెరికాలోని మనవాళ్లకు ఇక్కడ ఒక విన్నపం. మల్లె అంటో కరివేపాకు పిలకో స్నేహితుల ఇంటి నుంచి తెచ్చి నాటుకోవడం మన ఇళ్లలో పుట్టుకతో వచ్చిన అలవాటు, దానిలోని ఆప్యాయత నాకు తెలుసు. ద్రాక్ష కొమ్మ విషయంలో మాత్రం ఆ అలవాటును పక్కన పెట్టండి. పైకి నిగనిగలాడే కొమ్మలోనే బ్యాక్టీరియా ఉండవచ్చు, మీ పెరట్లో తొలి కఠిన శీతాకాలం వచ్చేదాకా అది బయటపడదు.

స్థలం ఎంపిక గురించి రెండే మాటలు. చల్లగాలి నీళ్లలాగే పల్లానికి పారి నిలుస్తుంది కాబట్టి గుంటల్లో తోట వేయకూడదు; సరస్సు వేడి అందే వాలు మధ్యభాగం మంచిది. నీరు నిలిచే నేలలో తీగ ఆలస్యంగా ముదిరి చలికి చిక్కుతుంది, అందువల్ల నాటకముందే భూగర్భ మురుగు గొట్టాలు వేయించాలి.

మూడో మెట్టు: చలి గాయాన్ని తగ్గించడం

తీగ చలిని తట్టుకోవడం వేసవిలోనే మొదలవుతుంది. కొమ్మలు సెప్టెంబరు, అక్టోబరుల్లో గోధుమ రంగుకు తిరిగి కర్రగా ముదిరితేనే శీతాకాలాన్ని దాటతాయి. ఆలస్యంగా నత్రజని వేసిన తోటలో, మోయలేనంత కాపు ఉంచిన తీగలో, బూజు తెగుళ్లకు ఆకులు రాలిన తీగలో ఈ ముదురు రాదు. అందువల్ల క్రౌన్ గాల్ ఉన్న తోటలో నత్రజనిని ఆకు పరీక్ష చెప్పినంతకు మించి వేయకూడదు, జూలై తర్వాత అసలే వేయకూడదు, గుత్తులను సమయానికి పలచన చేయాలి.

ఆ తర్వాతది మట్టి ఎగదోయడం. అంటు మొక్కల తోటలో ఇది తప్పనిసరి అని నా అభిప్రాయం. అక్టోబరు చివర, నవంబరుల్లో, నేల గడ్డకట్టకముందే నాగలితో వరుసకు రెండు వైపుల నుంచి మట్టిని తీగ మొదలు మీదికి తోసి, అంటు అతుకు మీద కనీసం జానెడు మందాన బోదె నిలిచేలా చేయాలి. పైన మైనస్ 25 ఉన్నా బోదె కింద ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరలోనే ఉంటుంది. పైభాగం మొత్తం పోయినా, మట్టి కింద బతికిన మొగ్గల నుంచి అసలు రకపు కాండం మళ్లీ లేస్తుంది. బోదె లేని తోటలో అతుకు చస్తే వేరుమూలపు చిగుళ్లే మిగులుతాయి, అవి మనకు పనికిరావు.

వసంతంలో తీవ్రమైన చలి భయం పోయాక ఆ మట్టిని తప్పకుండా తీసేయాలి. అలాగే వదిలేస్తే పై రకపు కాండమే మట్టిలో వేళ్లు దింపుతుంది, ఆ వేళ్లు ఫిలాక్సెరా పురుగుకు ఆహారమవుతాయి. మట్టి తీసేటప్పుడు యంత్రపు పలుగు కాండాన్ని గీకితే చలి చేయని గాయాన్ని మనమే చేసినట్టవుతుంది, కనుక కాండానికి అడుగు దూరం వరకే యంత్రాన్ని వాడి మిగిలినది చేతి పారతో తీయడం మేలు. గడ్డి కోసే తీగ యంత్రాన్ని కాండాల దగ్గరికి రానివ్వకూడదు. నేను చూసిన పెరటి ద్రాక్షల్లో చలి కన్నా అదే ఎక్కువ గాయాలు చేసింది.

నాలుగో మెట్టు: ఒక వేరుకు రెండు మూడు కాండాలు

ఈ తెగులుతో కలిసి బతకడానికి రైతులు కనిపెట్టిన ఉపాయాల్లో దీన్ని మించింది లేదు. మన దగ్గర పందిరి ద్రాక్షను ఒకే కాండంగా పైకి తీసుకెళ్లడం చూసిన కంటికి ఇది మొదట గజిబిజిగా కనిపిస్తుంది. ప్రతి తీగకూ వేర్వేరు వయసుల కాండాలు రెండో మూడో ఉంచాలి: ఒకటి ఆరేడేళ్లది, ఒకటి మూడేళ్లది, ఒకటి నిరుటి చిగురు. పాతదానికి గడ్డ పట్టి చుట్టూ తిరిగితే దాన్ని కోసేస్తాం, అప్పటికే సిద్ధంగా ఉన్న రెండోది దాని చోటును అందుకుంటుంది, కాపు పూర్తిగా ఆగదు.

దీన్ని చేసే క్రమం ఇది. మేలో మట్టి తీశాక కాండం మొదట్లో వచ్చిన చిగుళ్లను పరిశీలించాలి. అతుకు కింద నుంచి వచ్చినవి వేరుమూలానివి, వాటి ఆకుల ఆకారమే వేరుగా ఉంటుంది. వాటిని లేతగా ఉన్నప్పుడే తుంచేయాలి. అతుకు పైన, గడ్డలు లేని చోటు నుంచి వచ్చిన వాటిలో ఒకటి రెంటిని ఉంచి, పక్కన వెదురు పుల్ల పాతి వదులుగా కట్టాలి. బిగించి కడితే మరుసటి ఏడాది ఆ కట్టే గాయమవుతుంది. శీతాకాలం కత్తిరింపుల్లో పెన్సిల్ లావున గట్టిపడిన దాన్ని ఎంచుకుని, ఆసరాగా కట్టిన మొదటి ఇనుప తీగ వరకు పెంచాలి. బొటనవేలి కన్నా లావై, కణుపుల మధ్య చాలా దూరం ఉన్న కొమ్మ చూడడానికి బలంగా ఉన్నా చలికి ముందు పోయేది అదే, దాన్ని కాండంగా ఎంచుకోకూడదు.

చలి దెబ్బ తిన్న సంవత్సరంలో ఇది మరింత జాగ్రత్తగా చేయాలి. పైన మొగ్గలు చచ్చి, కింద పెద్ద వేరు వ్యవస్థ చెక్కుచెదరకుండా ఉంటే ఆ బలమంతా మిగిలిన రెండు మూడు చిగుళ్లలోకి దూసుకొస్తుంది. అప్పుడు ఒక్క చిగురే ఉంచితే అది పైన చెప్పిన లావుపాటి కొమ్మ అవుతుంది. నాలుగైదు చిగుళ్లను ఉంచి బలాన్ని పంచాలి, ఆ ఏడాది నత్రజని పూర్తిగా ఆపాలి, మరుసటి శీతాకాలంలో ఎంచుకోవాలి. 2014లో నేను ఒక వరుసలో చిగుళ్లను త్వరగా పలచన చేశాను, పక్క వరుసలో సమయం చాలక వదిలేశాను. 2015 చలి కూడా కఠినంగానే వచ్చింది. నిర్లక్ష్యం చేశాననుకున్న వరుసలోనే ఎక్కువ కాండాలు బతికాయి.

ఐదో మెట్టు: గడ్డ కనబడ్డాక

చలికాలం ముగియగానే రంపం పట్టుకోకూడదు. ముందు కొన్ని కొమ్మలు తెచ్చి, వాటి మొగ్గలను బ్లేడుతో అడ్డంగా కోసి చూడాలి: లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉంది, గోధుమ రంగుగా ఉంటే పోయింది. ఎన్ని పోయాయో దాన్నిబట్టి కత్తిరింపుల్లో అన్ని మొగ్గలు ఎక్కువగా ఉంచాలి. కాండం పరిస్థితి మాత్రం జూన్ దాకా తేలదు. దెబ్బతిన్న కాండం కూడా నిల్వ ఆహారంతో చిగురించి, వేడి పెరిగి నీరు చాలనప్పుడు కూలుతుంది.

గడ్డ చుట్టుకొలతలో సగానికి లోబడి ఉండి, కాపు బాగానే ఉంటే ఆ కాండాన్ని ఉంచి కింద ప్రత్యామ్నాయాన్ని పెంచాలి. సగం దాటితే, ప్రత్యామ్నాయం సిద్ధంగా ఉన్న వెంటనే, అన్నిటికన్నా కింద ఉన్న గడ్డకు దిగువన కోసేయాలి. గడ్డలు అతుకు చుట్టూ నిండిపోయి, అతుకు పైన ఆరోగ్యమైన చిగురు ఒక్కటీ లేకపోతే ఆ తీగ మీద ఇంకో ఏడాది కూలీ పెట్టడం దండగ. కోసిన ముక్కలను తోటలో వదలకుండా బయటికి తరలించాలి. కత్తెరలను తీగ తీగకూ మధ్య 70 శాతం ఆల్కహాలుతో తుడవడం మంచి అలవాటే, కానీ బ్యాక్టీరియా అప్పటికే తీగల లోపల ఉన్న తోటలో దాని వల్ల వచ్చే లాభం పరిమితం.

గడ్డను కత్తితో చెక్కి కిరోసిను పోయడం, తారు పూయడం, ఫినాలిక్ మందులు పట్టించడం గురించి చాలామంది అడుగుతారు. పూసిన గడ్డ ఎండుతుంది, చెక్కిన గాయం చుట్టూ కొత్తది పుడుతుంది. ఆస్ట్రేలియాలో ఆలన్ కెర్ 1970లలో వెలుగులోకి తెచ్చిన కే84 అనే మేలు బ్యాక్టీరియా పీచ్, బాదం నారు మీద అద్భుతంగా పనిచేస్తుంది, కానీ ద్రాక్ష మీది రకాలు అది విడుదల చేసే విషానికి లొంగవు. దక్షిణాఫ్రికాలో దొరికిన ఎఫ్2/5 అనే హానిచేయని విటిస్ రకం మీద, జపాన్‌లో ఏఆర్‌కే-1 అనే రకం మీద పరిశోధనలు జరిగాయి. నాటేముందు వేళ్లను వాటిలో ముంచితే గడ్డలు తగ్గినట్టు ప్రయోగాలు చూపాయి. అవి ముందు జాగ్రత్తలే తప్ప, పట్టిన తెగులుకు చికిత్సలు కావు.

ఆరో మెట్టు: తీసివేసి మళ్లీ నాటడం

ఒక తీగను తీసేటప్పుడు కాండంతో ఆపకుండా పలుగుతో చుట్టూ తవ్వి, చేతికి దొరికిన వేరునల్లా ఏరాలి. ఈ బ్యాక్టీరియా ఒట్టి మట్టిలో కన్నా ద్రాక్ష వేరు ముక్కల్లో బతుకుతుంది. తీగ పోయినా నేలలో మిగిలిన వేళ్లలో కనీసం 2 ఏళ్లు ఉండగలదు. అందుకే పాత గుంటలో అదే వసంతంలో కొత్త మొక్క పెట్టడం పాత రోగాన్ని కొత్త మొక్కకు అప్పగించడమే అవుతుంది. బ్లాకు మొత్తం తీస్తే రెండు మూడేళ్లు గడ్డి జాతి పంటనో ధాన్యపు పంటనో వేసి నేలను ద్రాక్ష లేకుండా ఉంచాలి. ఒంటి గుంటలకు అంత కాలం ఆగడం కష్టమైతే, కొత్త మొక్క పెట్టకుండా పక్క తీగల కొమ్మలను ఆ ఖాళీ మీదికి సాగదీసి రెండేళ్లు గడపవచ్చు. మూడో ఏట నాటేటప్పుడు అంటు అతుకు నేలకు నాలుగు నుంచి ఆరు అంగుళాల పైన ఉండేలా పెట్టి, మొదటి శీతాకాలం నుంచే మట్టి ఎగదోసి, రెండో ఏడు నుంచే రెండో కాండాన్ని లేపాలి.

నా తోటలో 2014లో రిబ్బను కట్టిన తీగల్లో కొన్ని ఇప్పటికీ కాస్తున్నాయి. వాటి మొదటి కాండం ఎప్పుడో పోయింది. ఇప్పుడు కాసేది మూడోది, దాని పక్కన నిరుటి చిగురు పుల్లకు కట్టి ఉంది.